ఎడమ డోరు దగ్గర ఎవరూ లేరు

బైకు నడిపే తమ్ముళ్లకు ముందే చెప్పేస్తున్నాను. లారీ క్యాబిన్‌కి ఎడమ పక్క, డోరుని ఆనుకుని మీరు వస్తుంటే నాకు కనపడరు. హారను కొట్టినా, లైటు వేసినా అంతే. నేను చూడక కాదు, డ్రైవరు సీట్లో ఎవరు కూర్చున్నా కనపడరు.

మాది సాలూరు. లారీల ఊరు కాబట్టి మిగతాది చెప్పనక్కర్లేదు. కాపురం ఇప్పుడు కోరాపుట్ జిల్లా సెమిలిగుడలో. నడిపేది విశాఖ నుంచి రాయపూర్ వెళ్లే దారిలో వచ్చే 26వ నంబరు జాతీయ రహదారి మీద. పి.కోనవలస దాటి సుంకి ఘాటీ ఎక్కడం, పొట్టంగి మీదుగా పైకి రావడం, మళ్లీ దిగడం.

నేను కూర్చునేది కుడి చివర, మనిషి ఎత్తుకన్నా పైన. అక్కడినుంచి ఎడమకి చూస్తే కనపడేది డోరు అద్దం అడుగు అంచు దాకానే. దాని కింద స్కూటీ వెళ్తున్నా, ఆవు నిలబడ్డా తెలీదు. ముందు కూడా అంతే. ముక్కు లేని చదును క్యాబిన్ బళ్లలో బంపరుకి అడుగు దూరంలో పిల్లాడు నిలబడితే వాడి తల కూడా కనపడదు. అందుకే సంత రోజున పొట్టంగిలో ఆగిన లారీ ముందు నుంచి దాటేవాళ్లని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. ఇక పక్క అద్దాలు ఉబ్బుగా ఉంటాయి. ఎక్కువ మేర చూపిస్తాయి గానీ అందులో ప్రతిదీ చిన్నదిగా, దూరంగా ఉన్నట్టు కనపడుతుంది. అద్దంలో బైకు ఇంకా వెనకాలే ఉందనిపించినప్పుడు నిజానికి అది చాలా దగ్గరికి వచ్చేసి ఉంటుంది.

ఘాటీలో ఎడమ మలుపు సంగతి విడిగా చెప్పాలి. ఇరుకు మలుపులో నేను ముందు బండిని కుడికి తీసుకుని తర్వాత ఎడమకి తిప్పాలి, లేకపోతే తిరగదు. కుడికి తీసుకోగానే ఎడమ పక్క సందు తెరుచుకుంటుంది. వెనకున్న బైకు కుర్రాడు నేను సైడు ఇచ్చాననుకుంటాడు, దూరిపోతాడు. వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, ఎప్పుడూ లోపలికి కోసుకుంటూ వస్తాయి. బండి ఎంత పొడుగైతే అంత లోపలికి. ఆ సందు రెండు క్షణాల్లో మూసుకుపోతుంది. ట్రైలరైతే మరీ కష్టం, మలుపులో ఎడమ అద్దం నిండా ట్రైలరు పక్కే ఉంటుంది, రోడ్డే కనపడదు.

మరి ఇన్నాళ్లూ ఎలా నడిచింది? క్లీనరు ఉండేవాడు.

నేను మొదలైంది క్లీనరుగానే, మా మావయ్య బండి మీద. ఎడమ డోరు దగ్గర తల బయటపెట్టి కూర్చోవడమే అసలు పని. టైర్లు తట్టడం, టీ తేవడం ఆ తర్వాత. డోరు మీద ఒక దెబ్బ అంటే ఆగు, రెండు దెబ్బలంటే రానీ. మంచులో మాట వినపడకపోయినా దెబ్బ వినపడుతుంది. కోరాపుట్ చలికాలం తెల్లవారుజామున మంచు ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుసు. ఆ మంచులోనే ఆడవాళ్లు నెత్తిన గంపలతో, మగవాళ్లు కావడ్లతో రోడ్డు అంచున వరసగా సంతకి నడిచి వెళ్తుంటారు. "ఒరే, నువ్వు ఎడమ కన్నువిరా, రెప్ప వెయ్యకు" అనేవాడు మావయ్య.

ఇప్పుడు ఆ కన్ను లేదు. కుర్రాళ్లు హైదరాబాదు, బెంగళూరు వెళ్తున్నారు, వాళ్ల తప్పేం లేదు. కిరాయిలో మిగిలేదానితో ఓనర్లు ఇంకో మనిషిని పెట్టలేమంటున్నారు. నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లుండాలన్న నిబంధన కూడా 2018లో తీసేశారు. ఇంకోటి, 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలన్నిటికీ క్యాబిన్‌లో ఏసీ ఉండాలన్నారు. ఎండలో ఉడికిపోయిన వాణ్ణి కాబట్టి ఇది మంచి పనే అంటాను. కానీ అద్దాలు మూసుకుంటే బయటి కేక, పక్క బైకు చప్పుడు రెండూ పోతాయి. ఎడమ పక్క చూసే మనిషి లేడు, ఇక వినడం కూడా లేదు.

నా మటుకు నేను కొన్ని చేస్తాను. ఎడమ డోరు పైన కిందికి చూసే చిన్న గుండ్రటి అద్దం పెట్టించాను. ముందు అద్దం మీద కుచ్చులు, స్టిక్కర్లు అన్నీ పీకేశాను. శ్యామలాంబ అమ్మవారి పటం డ్యాష్‌బోర్డు మీద కింద పెట్టుకున్నాను, దణ్ణానికి ఏ లోటూ లేదు. ముందు అద్దం పక్కనుండే స్తంభం ఒక బైకుని పూర్తిగా దాచేస్తుంది. అది వచ్చే వేగం, మనం తిరిగే వేగం కలిసిపోతే చివరిదాకా ఆ స్తంభం వెనకే ఉండిపోతుంది. అందుకని ప్రతి మలుపులో ఒళ్లు ముందుకీ పక్కకీ వంచి చూస్తాను. నడుము నొప్పి వస్తుంది, రానీ.

లండన్‌లోనూ మనలాగే ఎడమ పక్కన నడుపుతారు. అక్కడ 12 టన్నులు దాటిన లారీలకు డ్రైవరు కంటికి నేరుగా ఎంత కనపడుతుందో కొలిచి, సున్నా నుంచి ఐదు దాకా నక్షత్రాలు ఇస్తారు. 2024 అక్టోబరు 28 నుంచి మూడు నక్షత్రాలైనా లేని బండి కెమెరాలు, సెన్సర్లు అదనంగా పెట్టుకుంటేనే ఊళ్లోకి రానిస్తారు. మన ఘాటీ రోడ్లకు ఇది ఇంకా ఎక్కువ అవసరం అని నా గట్టి నమ్మకం. క్లీనరుని తీసేసిన చోట కెమెరా పెట్టాలి. ఆ ఖర్చు ఓనరూ, బండి తయారుచేసే కంపెనీ చూసుకోవాలి, డ్రైవరు జీతంలోంచి కాదు.

ఈలోగా ఒకటి చెయ్యొచ్చు. లైసెన్సుకి వచ్చే ప్రతి కుర్రాణ్ణీ, కుర్రదాన్నీ ఆగి ఉన్న లారీలో డ్రైవరు సీటు ఎక్కించి, వాళ్ల స్నేహితుణ్ణి బైకు మీద ఎడమ డోరు పక్కన నిలబెట్టి చూపించాలి. ఐదు నిమిషాల పని. సాలూరులోగానీ సెమిలిగుడలోగానీ డ్రైవింగ్ స్కూలు నడిపేవాళ్లు ఇది చదివితే కింద రాయండి. లోడు లేని రోజు చూసి బండి నేనే తెస్తాను.