ఎర్ర గీత

జడ్చర్లలో బస్సెక్కేసరికే ఎండ చుర్రుమంటోంది, షాద్‌నగర్ దాకా నిలబడే వెళ్లాను. అంతరిక్షంలోకి వెళ్లే మా డబ్బాను షేకర్ మీద, అంటే కుదిపి చూసే యంత్రం మీద పెట్టే రోజని రాత్రంతా సరిగ్గా నిద్రే లేదు. అరచేతిలో పట్టే అల్యూమినియం డబ్బా, లోపల రెండు సర్క్యూట్ బోర్డులు, అంతే. రాకెట్ లేచేటప్పుడు ఎంత కుదుపుతుందో దానికంటే కాస్త ఎక్కువే ఇక్కడ కుదిపి చూస్తాం.

అసలు కుదుపుకి ముందోసారి, తర్వాతోసారి సన్నగా ఊపి, ఏ ఫ్రీక్వెన్సీ (సెకనుకి ఎన్ని ఊపులు) దగ్గర డబ్బా గట్టిగా ఊగుతుందో గ్రాఫ్ తీస్తాం. రెండు గ్రాఫులూ కలవాలి. సంతలో కుండ కొనేటప్పుడు అమ్మ వేలితో కొట్టి మోత వింటుంది చూడండి, అదే పని.

ఇవాళ మోత మారింది. గ్రాఫులో కొన ఎడమకి, తక్కువ ఫ్రీక్వెన్సీ వైపు జరిగింది, అంటే లోపలేదో వదులైనట్టే. మూత విప్పితే, ఓ మూల స్క్రూ కదిలితే తెలియాలని దాని మీద పెట్టిన ఎర్ర గీత తెగి ఉంది, సగం స్క్రూ తల మీద, సగం బోర్డు మీద, మధ్యలో వెంట్రుకవాసి ఎడం. బిగించింది నేనే, కాగితం మీద సంతకమూ నాదే. గుండె జారిపోయింది. సార్ తిట్టలేదు, "మళ్లీ మొదటినుంచి చేద్దాం" అన్నారు, అంతే.

అన్నం తింటుంటే మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ కోసం ఇస్రో చేసిన పరీక్షా ప్రయోగం టీవీ-డీ1 గుర్తొచ్చింది. 2023 అక్టోబర్ 21న శ్రీహరికోటలో ఇంకో 5 సెకన్లుందనగా కంప్యూటరే ఆపేసింది. లోపం వెతికి సరిచేసి ఉదయం 10 గంటలకు వదిలారు, మనుషులు కూర్చునే మాడ్యూల్ (అప్పుడు ఖాళీదే) ప్యారాచూట్లతో బంగాళాఖాతంలో దిగింది. ఆ రోజు టీవీ ముందు ఏడ్చేశాను.

ఈ స్క్రూలు బోర్డుని పట్టుకోవడానికే కాదు. భూమికి దగ్గరి కక్ష్యలో గంటన్నరకోసారి ఎండా నీడా మారతాయి, గాలి ఉండదు కాబట్టి ఫ్యాన్ పెట్టినా ఉపయోగం లేదు, బోర్డు వేడి ఈ స్క్రూలు బిగించిన చోటు నుంచే డబ్బా గోడలోకి దిగాలి. ఇవాళ చూడకపోతే వచ్చే వారం గాలి తీసేసి పరీక్షించే వ్యాక్యూమ్ ఛాంబర్‌లో ఆ మూలే కాలేది.

రాత్రి నాయిన అడిగాడు, "పైకి పంపేదాన్ని ఈడనే పలగొడ్తరా బిడ్డా?" అని. స్క్రూ సంగతి చెప్పాను. పల్లికాయ బస్తాల లారీ నడిపిన మనిషి, కాసేపు ఆలోచించి, "తాడు ఒక్కపారి గుంజితే ఆగదు, పది కిలోమీటర్లు పోయినంక లారీ ఆపి మల్ల గుంజాలె" అన్నాడు.

రేపు సార్‌ని అడగాలి, బిగించాక ఓ పూట ఆగి మళ్లీ టార్క్ (స్క్రూ బిగువు) చూడొచ్చా అని. ఆరింటి బస్సు, అలారం పెట్టేశాను.