ఆషేరు పాదాలకు నూనె, తలుపుకు ఇనుప గడియ

ద్వితీయోపదేశకాండం 33:24-25లో మోషే ఆషేరు గోత్రాన్ని దీవిస్తూ, అతడు తన పాదాన్ని నూనెలో ముంచాలి అంటాడు. అది చదవగానే వరంగల్, హనుమకొండ ప్రార్థన కూటాల్లో ఆ నూనె వెంటనే అభిషేకమైపోతుంది. నా ఉద్దేశంలో అది తొందరపాటు. ముందు ఆషేరు నేలను చూడాలి.

యెహోషువ 19 ప్రకారం ఆషేరు వంతు కర్మెలు నుంచి సీదోను వైపు సాగే పశ్చిమ గలిలయ, ఒలీవ తోటల సీమ. మన గానుగలో నువ్వులు, పల్లీలు ఎండబెట్టి పోస్తాం. ఒలీవ అలా కాదు, పచ్చి పండే. రాతి చక్రం కింద నలగ్గొట్టి, ఆ ముద్దను బుట్టలకెత్తి, బరువు రాళ్లు వేలాడదీసిన దూలంతో నొక్కేవారు. కారిన రసాన్ని కదపకుండా ఉంచితే నీళ్లు అడుగుకు పోయి నూనె పైకి తేలుతుంది. కోసిన పండ్లు రోజుల తరబడి కుప్పలో ఉంటే వేడెక్కి పులుస్తాయి, నూనె కంపు కొడుతుంది. అంత కష్టపడి తీసిన నూనెలో పాదం ముంచడమంటే చుక్క లెక్కపెట్టనక్కర్లేని సమృద్ధి. ఆదికాండం 49:20లో తండ్రి యాకోబు ఆషేరును దీవిస్తూ చెప్పిందీ ఆహారం గురించే.

25వ వచనంలో ఇనుపవీ ఇత్తడివీ అని చెప్పిన హీబ్రూ మాట 'మిన్‌అల్'ను కొందరు చెప్పులన్నారు, కొందరు గడియలన్నారు. గడియలే నప్పుతాయి. నూనె నిండిన కొట్టుకు, అదీ సరిహద్దులో, అడ్డగడియ గట్టిగా ఉండాలి కదా! చివర్లో, నీ దినాలు ఎంతో అంత అని చెప్పేచోట వచ్చే 'దోబె' హీబ్రూ బైబిల్లో ఇక్కడొక్కచోటే ఉంది. అందుకే బలమనీ, విశ్రాంతి అనీ రెండు రకాల అనువాదాలు. దయచేసి ఒక్కదాన్నే పట్టుకుని వాగ్దానం కట్టకండి.

న్యాయాధిపతులు 1:31-32 కూడా దీంతో కలిపి చదవండి: ఆషేరీయులు అక్కో, సీదోను పట్టణాల వాళ్లను వెళ్లగొట్టలేదు, వాళ్ల మధ్యే కాపురమున్నారు.