ఇంట గెలవలేక రచ్చకెక్కిన పార్లమెంటు

2019 మార్చి ఆఖరి వారంలో నేను లండన్‌లో దిగేసరికి యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటపడాల్సిన గడువు నెత్తి మీదికి వచ్చేసింది. గడువును రెండు వారాలు జరిపారు గానీ బయటపడే దారి మాత్రం ఎవరికీ తోచడం లేదు. హౌన్స్లోలో మా చెల్లెలి ఇంట్లో బస. ఆ ఇంట్లోనే రెండు పక్షాలు. 2016 జూన్ 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో చెల్లెలు యూనియన్‌లో ఉండాలని ఓటు వేస్తే, మరిదిగారు విడిపోవాలని వేశారు. అప్పటికి ఇద్దరూ భారత పౌరులే. బ్రిటన్‌లో నివసించే కామన్వెల్త్ దేశాల వాళ్లకు అక్కడ ఓటు ఉంటుందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఇరవై ఏళ్లుగా లండన్‌లో పన్ను కడుతున్న ఫ్రెంచి పౌరుడికి ఆ రోజు ఓటు లేదు. గుంటూరు నుంచి వెళ్లి మూడేళ్లయిన ఇంజనీరుకు ఉంది.

యూరప్ వాళ్ల రాక తగ్గితే మన వంటవాళ్లకు, డాక్టర్లకు వీసాలు సులువవుతాయని మరిదిగారి లెక్క. విడిపోవాలని ప్రచారం చేసిన ప్రీతి పటేల్ వంటి నాయకులు అప్పట్లో భారతీయ రెస్టారెంట్ల వాళ్లకు చూపించిన ఆశ కూడా అదే. చెల్లెలి కూతురికి అప్పుడు పదిహేడేళ్లు, ఓటు లేదు. ఆ కోపం దానికింకా చల్లారలేదు.

నేను డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. బ్రిటిష్ పార్లమెంటును పాఠంగా చెప్పీ చెప్పీ ఆ సభ ముందు నిలబడకుండా తిరిగి రాకూడదనుకున్నాను. అందుకే మార్చి 29, శుక్రవారం మధ్యాహ్నానికి పిల్లను వెంటబెట్టుకుని వెస్ట్‌మినిస్టర్ చేరాను. గడియార స్తంభం చుట్టూ మరమ్మతుల పరంజా కట్టి ఉంది. కింద చౌకంతా జనం. వారం క్రితం ఇదే చోటుకు ప్రజలను మళ్లీ అడగండంటూ లక్షల మంది వచ్చారట. ఈ రోజు వచ్చింది విడిపోవాలనే వాళ్లు. వాళ్లకూ రెండు వేదికలు! సండర్‌లాండ్ నుంచి నడిచి వచ్చిన యాత్రతో కలిసి విడిపోవాలన్న ఉద్యమానికి పేరుమోసిన నాయకుడు నైజెల్ ఫరాజ్ ఒకచోట, తీవ్ర మితవాద కార్యకర్త టామీ రాబిన్సన్ ఇంకోచోట.

రెండున్నర దాటాక ఫలితం ఫోన్లలోకి వచ్చింది. ప్రధాని థెరీసా మే యూరప్‌తో కుదుర్చుకొచ్చిన ఒప్పందం మూడోసారి ఓడిపోయింది, 344కు 286. నా పక్కన జెండా పట్టుకున్న పెద్దాయన చప్పట్లు కొట్టాడు. విడిపోయే ఒప్పందం ఓడిపోతే విడిపోవాలన్న మనిషి చప్పట్లు కొట్టడమేమిటని పిల్లను అడిగాను. "పెద్దమ్మా, ఆయన దృష్టిలో అది అసలు విడిపోవడం కాదు," అంది.

ఆ జవాబులో ఆ మూడేళ్ల చరిత్ర అంతా ఉంది. ఆ రోజు సొంత ప్రధానికి వ్యతిరేకంగా ఓటు వేసిన కన్సర్వేటివ్ సభ్యులు 34 మంది. వాళ్లలో 28 మంది పూర్తిగా తెగదెంపులు కావాలన్న మొండివాళ్లు. లొంగని పాత గ్రీకు యోధుల పేరు పెట్టుకుని, తమను తాము స్పార్టన్లని పిలుచుకున్నారు. మిగిలిన ఆరుగురు విడిపోవడమే వద్దన్నవాళ్లు. ఒకే పార్టీ, ఒకే ఓటు, కారణాలు తూర్పు పడమరలు. విడిపోవాలన్న పక్షంలో పెద్ద తలకాయలు బోరిస్ జాన్సన్, జేకబ్ రీస్-మాగ్ మొదటి రెండుసార్లు వ్యతిరేకించి మూడోసారి అనుకూలమయ్యారు. రెండోసారికీ మూడోసారికీ మధ్య ఒప్పందంలో అక్షరం మారలేదు. ఇది నెగ్గితే పదవి వదిలేస్తానని మే రెండు రోజుల ముందు పార్టీ సభ్యులకు మాట ఇచ్చింది, అంతే. ఒప్పందం చదివి ఓటు వేశారా, కుర్చీ ఖాళీ అవుతుందని వేశారా అన్నది నేను చెప్పక్కర్లేదు.

యూరప్ విషయం ఆ పార్టీకి పాత పుండు. 1990లో ప్రధాని థాచర్ పదవి పోవడానికి ఒక కారణం ఇదే. 1992, 93లలో యూరోపియన్ యూనియన్‌కు పునాది వేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందం దగ్గర ప్రధాని జాన్ మేజర్‌ను ముప్పుతిప్పలు పెట్టిందీ సొంతవాళ్లే. ఈ గొడవకు శాశ్వతంగా ముగింపు పలుకుదామని, యూరప్ నుంచి విడిపోవాలంటూ పక్కన పెరుగుతున్న యూకిప్ పార్టీకి ఓట్లు పోకుండా ఆపుదామని ప్రధాని డేవిడ్ కామెరాన్ 2013 జనవరిలో ప్రజాభిప్రాయ సేకరణకు మాట ఇచ్చాడు. పార్టీ తగాదాను దేశం చేత తీర్పించాలన్న ఎత్తు. కొత్తదేమీ కాదు, 1975లో లేబర్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ తన పార్టీ చీలికను ఇలాగే దాటాడు. ఆయనకు 67 శాతం మంది అండగా నిలిచారు. కామెరాన్‌కు 48 శాతమే దక్కింది. తగాదా తీరలేదు సరికదా, పార్టీ ఆఫీసు గడప దాటి దేశం మీద పడింది.

ఏప్రిల్ 1, సోమవారం. క్రామ్‌వెల్ గ్రీన్ వైపు సందర్శకుల వరుసలో నిలబడి, విమానాశ్రయం తరహా తనిఖీ దాటి, ముందుగా వెస్ట్‌మినిస్టర్ హాలులో అడుగుపెట్టాం. తొమ్మిది వందల ఏళ్ల కట్టడం. రాజు ఒకటో చార్లెస్ మీద విచారణ జరిగింది ఈ రాతినేల మీదే. అక్కడి నుంచి పైకి, గ్యాలరీలోకి. ముందు గాజు అడ్డం. కింద సభ టీవీలో కనిపించేకంటే చాలా చిన్నది. సభ్యులు 650 మంది, కూర్చునే చోటు 427 మందికే. వెనక్కి వాలి కళ్లు మూసుకున్న ఒకాయనను చూసి నవ్వొచ్చింది. ఆయన నిద్రపోవడం లేదట; బెంచీ వెనుక అమర్చిన చిన్న స్పీకరుకు చెవి ఆనించాడని పిల్ల చెప్పింది. ఆకుపచ్చ తివాచీ మీద రెండు ఎర్రటి గీతలు. వాటి మధ్య రెండు కత్తుల దూరం ఉంటుందని, మాట్లాడేవాళ్లు గీత దాటకూడదని సంప్రదాయం. క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో ఆ గీతల గురించి.

చూస్తుంటే ఒక సంగతి తట్టింది. ఆ గది ఇటు ఒక పక్షం, అటు ఒక పక్షం ఉంటాయన్న నమ్మకంతో కట్టింది. ఆ రోజు కత్తులు దూసుకున్నవాళ్లు మాత్రం ఎదురెదురు బెంచీల వాళ్లు కాదు, ఒకే బెంచీ మీద భుజం భుజం తగిలేలా కూర్చున్నవాళ్లు. వాళ్ల మధ్య గీసిన గీత ఏదీ లేదు. సభ ఎజెండాను ప్రభుత్వం చేతిలోంచి లాక్కున్న ఆలివర్ లెట్విన్ కన్సర్వేటివే. ప్రత్యామ్నాయం ప్రతిపాదించిన కెన్ క్లార్క్ కన్సర్వేటివే. ఇంకో ప్రతిపాదన తెచ్చిన నిక్ బోల్స్ కూడా.

మేం బయటికొచ్చి టీ తాగుతుండగా కబురు తెలిసింది: వాతావరణ ఉద్యమకారులు గ్యాలరీలో బట్టలు విప్పి గాజుకు అతుక్కున్నారట. అరగంట ముందే లేచి వచ్చినందుకు పిల్ల నన్ను క్షమించలేదు.

రాత్రి ఫలితాలు ఇంట్లో టీవీలోనే చూశాం. నాలుగు ప్రతిపాదనలు, నాలుగూ వీగిపోయాయి. యూరప్‌తో కస్టమ్స్ యూనియన్, అంటే తమలో తమకు సుంకాలు లేని ఏర్పాటు, కొనసాగాలన్న క్లార్క్ తీర్మానానికి అనుకూలం 273, వ్యతిరేకం 276. మూడు ఓట్లు! మంత్రివర్గం ఓటింగుకు దూరంగా ఉంది. స్కాటిష్ నేషనల్ పార్టీ ఆ తీర్మానంపై తటస్థంగా ఉండిపోయింది. ఫిబ్రవరిలో లేబర్ నుంచి, కన్సర్వేటివ్‌ల నుంచి బయటికొచ్చి ఇండిపెండెంట్ గ్రూపు కట్టినవాళ్లు వ్యతిరేకించారు. ఈ రెండు గుంపులకూ యూరప్‌తో గట్టి విడాకులు ఇష్టం లేదు. అయినా మెత్తటి విడాకులకు చెయ్యి ఎత్తలేదు, ఎందుకంటే అసలు విడాకులే ఆగుతాయన్న ఆశ. ప్రజలను మళ్లీ అడగాలన్న తీర్మానం 280కి 292తో పోయింది. తేడా 12; దాన్ని సమర్థించాలని లేబర్ నాయకత్వం చెప్పినా ఎదురు ఓటు వేసిన లేబర్ సభ్యులు ఇరవై మందికి పైనే. మా చెల్లెలు టీవీ ముందు నుంచి లేచి వెళ్లిపోయింది.

ఆ వెంటనే నిక్ బోల్స్ లేచాడు. రాజీ కోసం చెయ్యగలిగిందంతా చేశాననీ, విఫలమయ్యాననీ, తన పార్టీ రాజీకి ఒప్పుకోకపోవడమే ప్రధాన కారణమనీ, ఇక ఆ పార్టీ తరఫున కూర్చోలేననీ చెప్పి సభలోంచి నడిచి వెళ్లిపోయాడు. వెళ్లొద్దని తోటివాళ్లు అరుస్తున్నారు. "రేపు ఉపఎన్నిక వస్తుందా?" అన్నారు మరిదిగారు. రాదు. అక్కడ పార్టీ విప్ పోతుంది గానీ సీటు పోదు.

ఇది మన చెవికి వింతే. 1984 ఆగస్టులో ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలను రామకృష్ణా స్టూడియోలోనూ ఆ తర్వాత బెంగళూరులోనూ కాపాడుకోవలసి వచ్చిన రోజులు చూసినవాళ్లం మనం. మరుసటి ఏడే రాజ్యాంగంలోకి ఫిరాయింపుల నిరోధక పదవ షెడ్యూలు వచ్చింది; విప్ ధిక్కరిస్తే సభ్యత్వం గల్లంతు. ఆ చట్టం అక్కడ ఉంటే 2019 జనవరి 15న మే 432-202 తేడాతో ఓడేది కాదు. ఆ రోజు ఎదురు తిరిగిన 118 మంది కన్సర్వేటివ్‌లు నోరు మూసుకునేవాళ్లు. మరుసటి రోజు అవిశ్వాస తీర్మానంలో అదే 118 మంది ప్రధానికి అండగా నిలిచి ఆమెను గట్టెక్కించారు. ఒప్పందం వద్దు, ప్రభుత్వం కావాలి. 2017 ఎన్నికల్లో మెజారిటీ పోగొట్టుకుని ఉత్తర ఐర్లండ్ పార్టీ డీయూపీ పదిమంది సభ్యుల మీద ఆధారపడ్డ ప్రధానికి అంతకంటే నరకం ఉండదు. అయినా ఆ బహిరంగ తిరుగుబాటే నాకు మన రిసార్టు రాజకీయం కంటే నచ్చింది. ఎవరు ఎటు వేశారో తెల్లారేసరికి ఊరందరికీ తెలుస్తుంది.

మర్నాడు కింగ్స్ క్రాస్ స్టేషన్లో ఉత్తర ఇంగ్లండ్ ఊరు డాన్‌కాస్టర్‌కు రైలెక్కాను, ఒంటరిగా. ఈ స్టేషన్ పక్కనే ఇస్లింగ్టన్, అప్పటి ప్రతిపక్ష లేబర్ నాయకుడు జెరెమీ కార్బిన్ నియోజకవర్గం ఉన్న లండన్ పాలనా విభాగం. అక్కడ 75 శాతం మంది ఉండిపోవాలన్నారు. రెండు గంటల లోపే దిగిన డాన్‌కాస్టర్‌లో 69 శాతం మంది పోదామన్నారు. అప్పటికి రెండు చోట్లా గెలుస్తూ వచ్చిన పార్టీ లేబరే. ఆ పార్టీ కష్టం అర్థం కావాలంటే ఈ రైలు టికెట్ చాలు.

బొగ్గుగనులు, రైల్వే వర్క్‌షాపులు బతికించిన ఊరు అది. పేరుమోసిన ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఇంజను ఇక్కడే తయారైంది. గనులు ఇప్పుడు లేవు. చివరి వాటిలో ఒకటైన హాట్‌ఫీల్డ్ 2015లో మూతపడింది. పాత కార్న్ ఎక్స్చేంజ్ పక్కన చేపల బజారు మాత్రం కళగా ఉంది. మంచుగడ్డల మీద కాడ్, హాడాక్ బారులు తీర్చి పెట్టిన ఒక నడివయసాయన నన్ను టూరిస్టు అనుకుని పీత కొనిపించాలని చూశాడు. ఓటు సంగతి ఎత్తితే నవ్వేశాడు. "నేను ఎటు ఓటు వేశానో నాకు తెలుసు. మా పార్టీకే అది ఎటో తెలియదు," అన్నాడు.

కార్బిన్ 1975లో యూరప్ వద్దని ఓటు వేసిన మనిషి. 2016లో ఉండాలని ప్రచారం చేస్తూ, ఒక టీవీ కార్యక్రమంలో తన ఉత్సాహానికి పదికి ఏడు, ఏడున్నర మార్కులు వేసుకున్నాడు. ఫలితం రాగానే సొంత ఎంపీలు 172 మంది ఆయన మీద అవిశ్వాసం ప్రకటించారు. అండగా నిలిచింది 40 మంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మనకిది అలవాటైన దృశ్యమే. తెలంగాణ ఉద్యమకాలంలో ఆంధ్ర, తెలంగాణ తనకు రెండు కళ్లన్నారు చంద్రబాబు. కాంగ్రెస్‌లోనైతే సీమాంధ్ర ఎంపీలు సొంత ప్రభుత్వం మీదే అవిశ్వాసానికి నోటీసు ఇచ్చారు. ప్రాంతాల వారీగా చీలిన ప్రశ్న ముందు పార్టీల వారీగా చీలిన సభ చేతులెత్తేస్తుంది.

ఆ సాయంత్రం బస చేసిన చోట కింది హాల్లో టీవీ దగ్గర పదిమంది చేరారు. ఏడు గంటల మంత్రివర్గ సమావేశం తర్వాత మే బయటికొచ్చి, కార్బిన్‌తో కూర్చుని మాట్లాడతానంది. ప్రజాభిప్రాయ సేకరణ జరిగిన దాదాపు మూడేళ్లకు! ఎవరో బీరు గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టారు. ఆ చర్చలు మే 17న తెగిపోయాయి.

లండన్ తిరిగొచ్చిన రోజు, ఏప్రిల్ 4న, పైకప్పులోంచి నీళ్లు కారి సభ వాయిదా పడింది. మరిదిగారు రోజంతా దాని గురించే జోకులు. నేను ఇంటికి విమానమెక్కాను.

తర్వాతిది హైదరాబాదులో కూర్చుని చూశాను. మే దిగిపోయింది, జులైలో జాన్సన్ వచ్చాడు. సెప్టెంబరు 3న ఎదురు తిరిగిన 21 మందిని ఒక్క రాత్రిలో పార్టీ నుంచి గెంటేశాడు. వాళ్లలో కెన్ క్లార్క్, నిన్నమొన్నటి ఆర్థికమంత్రి ఫిలిప్ హమ్మండ్, చర్చిల్ మనవడు నికొలస్ సోమ్స్ ఉన్నారు. థెరీసా మేకు రెండుసార్లు ఎదురు ఓటు వేసిన మనిషి ఒక ఎదురు ఓటును సహించలేదు. ఆ తర్వాత డిసెంబరు ఎన్నికలకు తన ఒప్పందాన్ని సమర్థిస్తామని మాటిచ్చిన అభ్యర్థులనే నిలబెట్టాడు. కన్సర్వేటివ్‌లు గెలిచి ఉన్న 317 చోట్ల ఫరాజ్ తన బ్రెగ్జిట్ పార్టీని పోటీ నుంచి తప్పించాడు. ఆ వైపు ఓట్లు చాలావరకు ఒక గూటికి చేరాయి, ఈ వైపువి మూడు నాలుగు పార్టీలకు చెదిరాయి. కన్సర్వేటివ్‌లకు 365 సీట్లు. 2020 జనవరి 31న బ్రిటన్ బయటపడింది.

ఎన్నికల ఫలితాల్లో నేను వెతికింది డాన్‌కాస్టర్ పక్క నియోజకవర్గం డాన్ వ్యాలీ. 1922 నుంచి లేబర్ చేతిలో ఉన్న సీటు. అక్కడి సభ్యురాలు కారోలిన్ ఫ్లింట్ 2016లో ఉండిపోవాలన్న మనిషే అయినా, తన ఓటర్ల మాటకు విలువిచ్చి మార్చి 29న మే ఒప్పందానికి ఓటు వేసిన ఐదుగురు లేబర్ సభ్యుల్లో ఒకరు. నేను చౌకులో జనం మధ్య నిలబడి ఉండగా లోపల పడిన ఓటు అది. పార్టీ గీత దాటి ఊరి మాట విన్నది. ఊరు మాత్రం ఆమె పేరు పక్కనున్న పార్టీని చూసి ఓడించింది.