ఆపరేషన్ రోజున పార్కిన్సన్స్ మాత్ర తప్పితే

"రాత్రి నుంచి నోట్లో ఏమీ వేసుకోకూడదు" అనగానే ఇంట్లోవాళ్లు నీళ్లతోపాటు మాత్రలూ ఆపేస్తారు. పార్కిన్సన్స్ రోగికి చిక్కు అక్కడే మొదలు. ఈ జబ్బుకు ప్రధాన మందైన లెవోడోపా రక్తంలో గంటన్నరకే సగానికి పడిపోతుంది. జబ్బు ముదిరినవారికి రెండు డోసులు తప్పితే చాలు, ఒళ్లు కొయ్యబారుతుంది, మింగుడు పడదు, గట్టిగా దగ్గలేరు. ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా. మందు పూర్తిగా ఆగిపోతే తీవ్ర జ్వరం, బిగుతు, మగత కలిసి ప్రాణం మీదికే రావచ్చు.

మామూలుగా ఘనాహారం 6 గంటల ముందు, నీళ్లు 2 గంటల ముందు ఆపమంటారు. మాత్ర మాత్రం గుక్కెడు నీళ్లతో వేయొచ్చా అని మత్తు డాక్టర్‌ని ముందే అడిగి, కేస్ షీట్‌లో రాయించండి. "రోజుకు నాలుగుసార్లు" అని కాదు, "6, 10, 2, 6" అని గడియారం చూసి రాయించాలి. వార్డులో మందులిచ్చే వేళలు ఈ రోగి వేళలతో కలవవు. ఆ రోజు మొదటి కేసుగా పెట్టమనడం ఇంకా మేలు.

మింగలేకపోతే ముక్కు గొట్టంలోంచి నీళ్లలో కరిగే మాత్ర పోస్తారు. నెమ్మదిగా పనిచేసే సీఆర్ మాత్రను నూరకూడదు, మందంతా ఒక్కసారే వదిలేస్తుంది. లెవోడోపా ఒంటబట్టేది చిన్నపేగులో. పేగు కదలిక లేనప్పుడు గొట్టంలో పోసినా దక్కదు, అప్పుడు చర్మానికి అంటించే మందు రోటిగోటిన్ ప్యాచ్ గురించి న్యూరాలజిస్ట్‌ని అడగాలి.

వాంతులకు అలవాటుగా ఇచ్చే మెటోక్లోప్రమైడ్ వద్దు, ఈ జబ్బులో అసలే తగ్గిపోయే డోపమైన్ అనే రసాయనాన్ని మెదడులో అడ్డుకుంటుంది. కలవరిస్తున్నారని హాలోపెరిడాల్ ఇచ్చినా అదే జరుగుతుంది. వాంతికి ఓండాన్సెట్రాన్ వాడొచ్చు, పార్కిన్సన్స్‌కే వాడే అపోమార్ఫిన్ తీసుకునేవారికి తప్ప. సెలెజిలిన్, రాసాగిలిన్ అనే పార్కిన్సన్స్ మందులు వాడేవారికి నొప్పి మందు పెథిడిన్ ప్రమాదం, ట్రమడాల్ కూడా. మెదడుకు కరెంటు ప్రేరణలిచ్చే డీబీఎస్ పరికరం ఉంటే కాటరీ (కరెంటుతో రక్తస్రావం ఆపే సాధనం) వాడే ముందే సర్జన్‌కు తెలియాలి.

ఖర్చు సంగతి. ఎస్టిమేట్‌లో కనిపించేది ఆపరేషన్, గది, మందులు. అసలు బరువు ఆ తర్వాతిది: న్యుమోనియా వస్తే ఐసీయూ రోజులు, మంచం దిగేవరకు ఫిజియోథెరపీ, లేచేటప్పుడు బీపీ పడిపోయి తూలకుండా పట్టుకునే మనిషి జీతం. బీమాలో ఇంటి దగ్గరి కేర్‌టేకర్, ఫిజియోథెరపీ కవర్ అవుతాయో లేదో అడ్మిషన్‌కు ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. ఈ ఖర్చులో కొంత, వేళకు పడని మాత్ర వల్ల నెత్తిన పడేదే. అది నిజంగా బాధ కలిగించే విషయం.

ఇంట్లో వాడే మాత్రలు స్ట్రిప్పులతో సహా తీసుకెళ్లండి. ఆసుపత్రి ఫార్మసీలో అదే మోతాదు దొరక్కపోతే మొదటి డోసు అక్కడే జారిపోతుంది.