టోపీ కోసం ఆల్మటీ దాకా

“అందరూ మంచు చూడ్డానికొస్తారు పిన్నీ. నువ్వేంటి, టోపీ చూడ్డానికొచ్చావా?” అన్నాడు మా అక్క కొడుకు. వాడు ఆల్మటీలో ఎంబీబీఎస్ మూడో ఏడు. కజకిస్తాన్‌కి మనవాళ్ళు 14 రోజుల వరకు వీసా లేకుండా వెళ్ళొచ్చు. మే నెలలో విజయవాడ ఎండ తప్పించుకుంటానని ఇంట్లో చెప్పానుగానీ, అసలు పని టోపీతోనే.

ఆ టోపీ కథ 1969లో బయటపడింది. ఆల్మటీకి తూర్పున 50 కిలోమీటర్ల దూరంలో ఇస్సిక్ అనే ఊరి దగ్గర ఏదో కట్టడం కోసం ఒక మట్టిదిబ్బను తవ్వాల్సి వచ్చింది. 60 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తు ఉన్న దిబ్బ. నడిమధ్య సమాధిని దొంగలు ఏనాడో ఊడ్చేశారు. పక్కగా ఉన్న ఇంకో గది మాత్రం వాళ్ళ కంటపడలేదు. అందులో, స్ప్రూస్ అనే కొండచెట్టు దుంగల మధ్య, పురావస్తు శాస్త్రవేత్త కెమాల్ అకిషెవ్ బృందానికి 17, 18 ఏళ్ళ శక యువరాజు దొరికాడు. శకులంటే ఈ గడ్డిమైదానాల్లో గుర్రాల మీద తిరిగిన సంచార జనం. తల మీద ఈ కోసు టోపీ. ఒంటి మీదా చుట్టూ కలిపి నాలుగు వేలకు పైగా బంగారు ముక్కలు. క్రీ.పూ. 4-3 శతాబ్దాల నాటి సమాధి. అమ్మాయి అయ్యుండొచ్చని వాదించినవాళ్ళూ ఉన్నారు. ఇక్కడివాళ్ళు మాత్రం ఆల్టిన్ ఆదమ్, అంటే బంగారు మనిషి అంటారు.

శకులు మనకు మరీ పరాయివాళ్ళేం కాదు. పంచాంగంలో శాలివాహన శకం ఉందిగా! మన గౌతమీపుత్ర శాతకర్ణిని నాసిక్ శాసనం పొగిడేదే “శక యవన పహ్లవ నిషూదనుడు”, అంటే వాళ్ళని నాశనం చేసినవాడు అని. ఆ శకుల దూరపు చుట్టాల టోపీ అన్నమాట ఇది. ఇరాన్‌లో పారశీక చక్రవర్తి డేరియస్ చెక్కించిన బిసుతూన్ శిల్పంలో కూడా చేతులు కట్టేసిన బందీల వరసలో చివరివాడు శకుడే. పేరు చదవక్కర్లేదు, కోసు టోపీ చూస్తే చాలు.

షేర్ టాక్సీలో ఇస్సిక్ మ్యూజియానికి వెళ్ళాం. గాజు వెనక ఉన్నది నకలే. ఆ సంగతి ముందే తెలుసు, అయినా మనసు కాస్త చిన్నబోయింది. తర్వాత టోపీ దగ్గర ఎంతసేపు నిలబడ్డానో తెలీదు.

మూరన్నర ఎత్తుంటుంది. నుదుటి మీద రెండు గుర్రాలు, ఒకదాని వీపు ఒకదానికి ఆనించి, చెరో దిక్కుకీ తిరిగి ఉన్నాయి. వాటికి రెక్కలున్నాయి, తల మీద కొండమేక కొమ్ములున్నాయి. వాటి పైన నాలుగు బంగారు బాణాలు నిటారుగా. పక్కల్లో రంపప్పళ్ళలాంటి కొండలు, వాటి మధ్య నడుం మెలితిప్పిన మంచు చిరుతలు, చెట్లు, చెట్ల మీద పిట్టలు. అన్నిటికన్నా పైన, కొసన, బుల్లి పొట్టేలు.

గుర్రం సూర్యుడిది అంటారు. శకుల బంధువులైన మస్సాగెటే జనం సూర్యుణ్ణొక్కణ్ణే కొలుస్తారనీ, దేవుళ్ళలో వేగంగలవాడికి జంతువుల్లో వేగంగల గుర్రాన్ని బలిస్తారనీ ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. మన సూర్యుడికీ ఏడు గుర్రాలు. అంతేనా, కోణార్క్‌లో ఆయన కాళ్ళకి బూట్లుంటాయి! సూర్యుడికి ఉత్తరాది వేషం వేయాలని వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పాడు. ఆ బూట్లు ఏ దారిన వచ్చాయో ఇక్కడ నిలబడితే బాగా అర్థమవుతుంది.

టోపీ మొత్తం విశ్వానికి నమూనా అనీ, కింద భూమి, మధ్యలో కొండలు, పైన ఆకాశం అనీ పండితులు చెబుతారు. కావచ్చు. నాకు కొంచెం అనుమానమే. ఆ బొమ్మల్లో చాలావరకు చెక్క మీద పల్చటి బంగారు రేకు తొడిగినవి. ఏది ఎక్కడుండేదో ఇప్పటివాళ్ళు కూర్చుకుంటూ వచ్చిందే. అందుకే ఒక నకలుకీ ఇంకో నకలుకీ అమరికలో తేడాలుంటాయి.

బయటికొచ్చాక దక్షిణం వైపు చూశాను. ఎదురుగా ఆలటావ్ కొండలు, రంపప్పళ్ళలా. పైన మంచు, కింద నల్లగా స్ప్రూస్ చెట్లు. ఆ పైనే మంచు చిరుతలు, కొండమేకలు తిరిగేది. టోపీ చేసినవాడు ఎక్కడికీ వెళ్ళి ఊహించనక్కర్లేదు, గుడారం తలుపు తీస్తే చాలు. విశ్వం నమూనా సంగతేమోగానీ, ఆ కుర్రాడు సొంత ఊరి కొండల్ని నెత్తిన పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం హోటల్లో మెనూ చూస్తే సగం గుర్రం మాంసమే. సూర్యుడి వాహనం సాసేజ్ అయి పళ్ళెంలో కూర్చుంది. నేను రొట్టె, టీతో సరిపెట్టుకున్నాను. మావాడు మాత్రం రెండు ప్లేట్లు లాగించాడు, “అమ్మకి చెప్పకు” అంటూ.

చిల్లరలో 100 టెంగే (ఇక్కడి డబ్బు) నాణెం వచ్చింది. తిప్పి చూస్తే దేశపు రాజముద్ర. గుడారం పైకప్పు కడ్డీలు, అటొకటి ఇటొకటి రెక్కల గుర్రాలు. వాటికీ కొమ్ములే!

వాడు నాణేన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. “మూడేళ్ళుగా వాడుతున్నా, కొమ్ములున్నాయని చూడనేలేదు పిన్నీ.” అని జేబులో వేసేసుకున్నాడు. హాస్టల్ వాషింగ్ మెషిన్‌కి చిల్లర కావాలట.