నీట్‌కి ముందు రాత్రి పెట్టిన సంతకం

మాది కావలి. 2025 మే 4న నెల్లూరులో నీట్ (మెడికల్ సీట్ల ప్రవేశ పరీక్ష) రాశాను. ఏం చదవాలో అందరూ చెబుతారు. ఇంట్లో బయల్దేరి సీట్లో కూర్చునేదాకా ఏం జరుగుతుందో నాకెవరూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు రోజు రాత్రి అడ్మిట్ కార్డుకి ఫొటో అంటించి, ఎడమచేతి బొటనవేలి ముద్ర వేశాను. అదే ఊపులో సంతకమూ పెట్టేశాను. తర్వాత చూస్తే, సంతకం ఇన్విజిలేటర్ ఎదుటే చేయాలని అక్కడే రాసి ఉంది. కాళ్లూ చేతులూ ఆడలేదు. నాన్న బండి తీసుకెళ్లి, షట్టర్ దించబోతున్న నెట్ సెంటర్‌లో రెండు ప్రింట్లు తీయించుకొచ్చారు. మొదటి ముద్ర కూడా ఇంకు ఎక్కువై అలికినట్టు పడింది. ఈసారి వేలు ముందు పాత కాగితం మీద అద్ది, అప్పుడు వేశాను. గీతలు విడివిడిగా కనిపించాయి. దయచేసి అడ్మిట్ కార్డు వచ్చిన రోజే, నిబంధనల పేజీతో సహా మొత్తం చదవండి.

అమ్మ కొబ్బరినూనె రాసి నా ముక్కుపుడక తీసింది. రంధ్రం పూడిపోకుండా చీపురుపుల్ల ముక్క గుచ్చింది. దిద్దులు, గొలుసు, వాచీ ఏవీ వద్దు. పొట్టి చేతుల బట్టలు, మామూలు చెప్పులు వేసుకోవాలి. బూట్లు కుదరవు. పెన్ను లోపల వాళ్లే ఇస్తారు.

గేటు 1.30కి మూస్తారు. మేం 12కే చేరాం. తెర వెనక ఒక మేడమ్ మెటల్ డిటెక్టర్‌తో తనిఖీ చేశారు. ఒళ్లంతా బిగుసుకుపోయింది గానీ, అది అందరికీ ఉండేదే. అవమానం అనుకుని మనసు పాడుచేసుకోకండి.

నేను తెలుగు పేపర్ పెట్టుకున్నాను. ప్రశ్న ఇంగ్లీషులో కూడా ఉంటుంది, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషుదే లెక్క. అందుకే సందేహం వచ్చినచోట రెండూ చదివాను. ఇక ప్రశ్నల బుక్‌లెట్ కోడ్, ఓఎంఆర్ (జవాబులకు బబుల్స్ దిద్దే షీటు) మీది కోడ్ ఒకటేనా అని రాయడానికి ముందే చూసుకోవాలి. తేడా ఉంటే వెంటనే చెయ్యెత్తండి. 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు, తప్పు జవాబుకి ఒక మార్కు పోతుంది. బబుల్స్ చివర్లో దిద్దుకోవచ్చని ఆపుకోవద్దు.

అయిపోయాక ఓఎంఆర్‌ని, దాని ఆఫీసు కాపీతో కలిపి ఇన్విజిలేటర్‌కి ఇచ్చేయాలి. బుక్‌లెట్ మాత్రం మనదే. బయట వేపచెట్టు కింద నాన్న నా సంచి ఒళ్లో పెట్టుకుని ఉన్నారు. ఎలా రాశావని అడగలేదు, నీళ్ల సీసా ఇచ్చారు. ఇంటికెళ్లగానే అమ్మ ఆ పుల్ల తీసి ముక్కుపుడక పెట్టింది.