నాపరాళ్ళ మీద నడక

"ముఖం పరుగెత్తదు" అన్నాడు ముదర్రిబ్. అందరి ముందూ అన్నాడు.

కొత్త గుర్రం లాయానికి వచ్చి అప్పటికి గంట కూడా కాలేదు. ఏడేళ్ళ తెల్లగుర్రం, మెడ ఎత్తి నిలబడితే గుడి గోడ మీద చెక్కినట్టుంది. ఎలా ఉందో చెప్పమని మమ్మల్ని ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చాడు. నా వంతు రాగానే మనసులో ఉన్నది చెప్పాను. కళ్ళు పెద్దవి, ముఖం తీర్చి దిద్దినట్టుంది, నుదుట ఒకటే సుడి, అదీ సరిగ్గా మధ్యలో ఉంది, మంచి గుర్రం అన్నాను. ఆయన కాసేపు నన్నే చూశాడు. "మీ దేశంలో గుర్రం ఎక్కేది పెళ్ళికొడుకు. ఊరు చుట్టి దిగిపోతాడు. దీని మీద మనిషి 120 కిలోమీటర్లు పోవాలి. ముఖం పరుగెత్తదు" అన్నాడు. పక్కనున్న కుర్రవాళ్ళు నవ్వారు.

ముదర్రిబ్ అంటే శిక్షకుడు. ఆయనది సూడాన్, అరవై దాటిన మనిషి. మా కడప జిల్లా వాళ్ళు గల్ఫ్ అంటే ఎక్కువగా కువైట్‌కే వెళ్తారు. నేను మాత్రం 2014లో అబుదాబి ఎడారిలో, దూరపు పందేలకు గుర్రాలను తయారుచేసే ఈ లాయానికి సాయిసుగా, అంటే గుర్రాలను చూసుకునే పనివాడిగా వచ్చాను. ఎద్దుల ఇంట్లో పుట్టాను, పశువును చూడటం తెలుసు అని చెప్పుకునే ఈ పని సంపాదించాను. అందుకే ఆ మాట అంతగా తగిలింది. రాత్రి మంచం మీద పడుకుని కూడా ఆయనకు జవాబులు చెప్తూనే ఉన్నాను. మా జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో, వాన వెలిసిన మర్నాడు గుంటక లాగే ఎద్దును ఈయన చూశాడా? బండలాగుడు పోటీలో పాలపళ్ళ గిత్తలు ఒకటే ఊపున బండను కదిలించడం చూశాడా? మమ్మల్ని పెళ్ళి ఊరేగింపు వాళ్ళను చేశాడే అని మండిపోయింది.

మర్నాడు తెల్లవారకముందే ఆయన నన్ను ఒక్కడినే పిలిచాడు. తెల్లగుర్రాన్ని చదునైన చోట నిలబెట్టి, దాని ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. జబ్బ ఎముక కొన నుంచి దారానికి రాయి కట్టి వదిలితే, అది మోకాలి నడుమగా, గిట్ట నడుమగా దిగాలని చూపించాడు. ముందు నుంచి చూస్తే ఆ గుర్రం బాగానే ఉంది. పక్కకు తీసుకువెళ్ళి మళ్ళీ చూడమన్నాడు. నాకు కనపడలేదు. నా చేయి పట్టుకుని దాని మోకాలి మీద పెట్టి, అక్కడి నుంచి కిందికి జరిపించాడు. అప్పుడు తెలిసింది. మోకాలు నిటారుగా లేదు, వెనక్కి రవ్వంత వంగి ఉంది.

గుర్రం ముందుకాలి మోకాలు ఒక కీలు కాదు, రెండు వరుసల చిన్న ఎముకల పేర్పు. ఒంటి బరువులో వందకు అరవై పాళ్ళు ముందుకాళ్ళ మీదే ఉంటుంది. ఆ కాళ్ళకూ ఒంటికీ మధ్య ఎముకతో ఎముక కలిసే కీలు లేదు, మనకున్నట్టు మెడ ఎముక లేదు. రెండు జబ్బల మధ్య కండరాల ఉయ్యాలలో ఒళ్ళు వేలాడుతుంది. ఎద్దుకూ అంతే. మోకాలి కింద కండ కూడా లేదు, ఎముక, కండను ఎముకకు కట్టే స్నాయువులు, తోలు, అంతే. అలసట వచ్చాక కండరాలు కాలిని సరిగా పట్టి ఉంచలేవు. అప్పుడు వెనక్కి వంగిన మోకాలు ఇంకా వెనక్కి పోతుంది, ముందువైపు చిన్న ఎముకల అంచులు ఒకదానినొకటి నొక్కుకుంటాయి. ఒక్కోసారి ఆ అంచు చిట్లుతుంది. మోకాలు ముందుకు వంగినట్టుండే గుర్రం చూడటానికి అధ్వానంగా ఉంటుంది కానీ, దానికి ఈ బాధ తక్కువ.

తరువాత గిట్టకు పైనున్న భాగం చూపించాడు. పాస్టర్న్ అంటారు. అది పొడవుగా, బాగా వాలుగా ఉంటే స్ప్రింగులా ఊగుతుంది, రౌతుకు హాయి, కానీ వెనకాల స్నాయువుల మీద లాగుడు ఎక్కువ. పొట్టిగా, నిట్టనిలువుగా ఉంటే ప్రతి అడుగు దెబ్బా ఎముకకే తగులుతుంది. అది ఎంత వాలుగా ఉందో గిట్ట ముందు గోడ కూడా అంతే వాలుగా ఉండాలి. కాలి కొనలు లోపలికి తిరిగి ఉంటే గిట్ట బయటికి విసురుతూ నడుస్తుంది. బయటికి తిరిగి ఉంటే లోపలికి తిప్పుతూ వేస్తుంది, రెండో కాలికి తగిలించుకుంటుంది.

ముక్కుపుటాలు వెడల్పుగా ఉన్నాయా, దవడ ఎముకల మధ్య పిడికిలి పడుతుందా అని కూడా చూశాడు. ఎద్దు రొప్పితే నోరు తెరుస్తుంది. గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు, ఉన్నదంతా ముక్కుతోనే. దౌడులో ఒక్కో అంగకు ఒక్కో ఊపిరి. ఇన్నేళ్ళు వాటి మధ్యే తిరుగుతూ ఈ సంగతి నాకు తెలియకపోవడం అవమానంగా అనిపించింది.

అయినా ఆయన ఆ గుర్రాన్ని పనికిరాదని పక్కన పెట్టలేదు. అమెరికాలో సియాటిల్ స్లూ అనే గుర్రం ముందుకాలు బయటికి తిరిగి ఉందని 17,500 డాలర్లకే అమ్ముడుపోయిందట, 1977లో అక్కడి మూడు పెద్ద పందేలూ అదే గెలిచింది. వంకర ఉంటే ఓడిపోతుందని కాదు. ఇరుసు కాస్త పక్కకు ఉన్న బండి కూడా ఊరు చేరుతుంది, ఏ చక్రం ముందు అరుగుతుందో మాత్రం తెలిసి ఉండాలి.

సుడి సంగతి నన్ను వదలలేదు. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక కోడె ఉండేది. దాని నడకకు నాయన మురిసిపోయేవాడు. వీపు మీద సుడి తప్పుగా ఉందని సంతలో ఒకరు అన్నారు, ఆ మాట నలుగురికీ పాకింది, చివరికి సగం ధరకు ఇచ్చి రావలసి వచ్చింది. కొన్నవాడు దానితో ఎన్నేళ్ళు సేద్యం చేశాడో నాకు తెలుసు. ఆ కోడె గుర్తొస్తే ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది. ఇక్కడ గుర్రానికి పాస్‌పోర్టు ఉంటుంది. అందులో గుర్రం బొమ్మ గీసి, పశువైద్యుడు ఒక్కో సుడినీ వెతికి అక్కడ ఇంటూ గుర్తు పెడతాడు. సుడి మనిషి వేలిముద్ర లాంటిది, ఏ రెండు గుర్రాలకూ ఒకేలా ఉండదని, పేరు మార్చి ఇంకో గుర్రాన్ని తేకుండా అది కాపలా అని చెప్పారు. మొదటిసారి ఆ కాగితం చూసినప్పుడు మా కోడె వీపు మీద కూడా ఇలా ఒక గుర్తు పెట్టి ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. అలాగని తప్పు మా వాళ్ళ ఒక్కరిదే అనను. అరబ్బులలో కూడా పాతకాలంలో సుడులను, కాళ్ళ తెలుపును చూసి మంచీ చెడూ చెప్పేవారు. ఆ మాట ముదర్రిబ్‌తో అన్నాను. ఔనని తల ఊపాడు.

పోయిన చలికాలం అబుదాబిలోని అల్ వత్బాలో 120 కిలోమీటర్ల పందెం. ఒక్కో చుట్టు పూర్తి కాగానే మేము బకెట్లతో నీళ్ళు పోసి ఒళ్ళు చల్లార్చాలి. గుండె నిమిషానికి 64 దాటి కొట్టుకుంటే వైద్యులు ముందుకు వదలరు. రెండో చుట్టు అయ్యాక తెల్లగుర్రం గుండె చక్కగా దిగింది. తరువాత తాడు పట్టుకుని చిన్న పరుగులో నడిపించి చూపించాలి. ఆ తాడు నా చేతిలోనే ఉంది. పది అడుగులు వేశామో లేదో నా చెవికి తెలిసిపోయింది. టక్ టక్ అని సమంగా పడవలసిన చప్పుడులో ఒకటి మెత్తగా పడుతోంది. కుంటే ముందుకాలు నేలకు తగిలినప్పుడు గుర్రం తల పైకి లేస్తుంది. ఎడమకాలు పడిన ప్రతిసారీ లేస్తోంది. ఇక ఆపమని వైద్యుడు చేయి ఎత్తాడు. మా లాయం నుంచే వెళ్ళిన ఎర్ర ఆడగుర్రం, మొద్దు తల, పొడుగు చెవులు, ఎవరూ ఫోటో తీయని గుర్రం, పందెం పూర్తి చేసింది.

ముదర్రిబ్ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి తెల్లగుర్రం మోకాలికి మంచు కట్టి, దాని పక్కన గడ్డి మీదే కూర్చున్నాడు. నాకూ ఒక గ్లాసు చాయ్ పోసి ఇచ్చి, "వైద్యుడి కంటే ముందే నువ్వు ఆగబోయావు, చూశాను. ఎలా తెలిసింది?" అని అడిగాడు.

అప్పుడు చెప్పాను. నాయన ఎప్పుడూ ఎద్దు ముఖం చూసేవాడు కాదు. పళ్ళు చూసి వయసు లెక్క కట్టేవాడు, మోకాలి కింద చేయి వేసి నిమిరేవాడు, తరువాత మా ఇంటి ముందు పరిచిన నాపరాళ్ళ మీద దాన్ని నడిపించమని, తాను వీపు తిప్పి నిలబడేవాడు. చప్పుడే వినేవాడు. పగ్గం పట్టుకుని నడిపించింది నేనే. ముఖాలూ సుడులూ చూసింది సంతలో బేరగాళ్ళు. కొత్త గుర్రం ముందు నిలబడి వాళ్ళ మాటలు చెప్పాను కానీ, నాయన పని చేయలేదు. మా ఊరికి తెలియదని కాదు, నేనే మరిచిపోయాను. ఇన్ని నెలలు ఆయన మీద పెట్టుకున్న కోపం ఎవరి మీద పెట్టుకోవలసిందో ఆ గడ్డి మీద కూర్చున్నప్పుడు అర్థమైంది.

నెల రోజుల విశ్రాంతి తరువాత గుర్రం వాపు తీసింది. దాన్ని ఇసుకలో నడిపిస్తూ వీడియో తీసి నాయనకు పంపాను. రాత్రి ఫోను చేశాడు.

"ఇసుకలో నడిపిస్తే ఏం వినపడుతుంది నాయనా? రాతి మీద నడిపించు."

ఇక్కడ రాయి లేదు. గుర్రాలను కడిగే చోట సిమెంటు నేల ఉంది. మర్నాడు ముదర్రిబ్‌కు చెబితే, ఏమీ అడగకుండా తన ఫోనే తీసుకుని నాయనకు కలిపించి, దాన్ని నేలకు దగ్గరగా పట్టుకుని కూర్చున్నాడు. నేను తాడు పట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకు పరుగెత్తాను. ఫోనులో చాలాసేపు మాట లేదు. లైను పోయిందేమో అనుకున్నాం.

"ఇంకొకసారి నడిపించు" అన్నాడు నాయన.